రొట్టెల బండి: ఒక పాత పందెం కారు చరిత్ర

రవాణా శాఖలో నా సర్వీసు చాలా భాగం రిజిస్ట్రేషన్ సెక్షనులోనే గడిచింది. అంబాసిడర్ కారులో పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను బిగించుకున్నవారు ఆ రోజుల్లో మా బల్ల ముందు బారులు తీరి నిలబడేవారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అటువంటి మార్పును ఆర్.సి. పుస్తకంలో ఎక్కించాలి. దరఖాస్తుదారులందరూ చెప్పే కారణం ఒక్కటే, పెట్రోలు ఖర్చు. పందెంలో పరుగెత్తించడానికి పాత కారును విప్పి మళ్లీ బిగించామని రాసిన దరఖాస్తు మాత్రం నా కంట పడలేదు. అలాంటి మార్పుల్లో ఎంతో పేరుపొందిన ఒక దాని గురించి ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను. కథ ఇటలీ దేశానిదే అయినా ఇందులో యజమాని, ఉద్యోగులు, ఉద్వాసన అన్నీ ఉన్నాయి కనుక మన సభ్యులకు పరాయిగా తోచదనుకుంటాను.

ఫెరారి కంపెనీ 1959లో పారిస్ మోటారు ప్రదర్శనలో 250 జి.టి. అనే కారులో ఒక కొత్త రకాన్ని చూపింది. పన్నెండు సిలిండర్లు, మొత్తం 3 లీటర్ల ఇంజను. ఒక్కొక్క సిలిండరు సుమారు 250 సి.సి. కనుక ఆ పేరు. మలుపుల్లో చురుకుగా తిరగడానికి ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని 260 నుంచి 240 సెంటీమీటర్లకు తగ్గించారు. రోడ్డు మీదా, పందెంలోనూ పనికివచ్చే బండి. మన కథానాయిక ఈ రకానికి చెందినదే, ఛాసిస్ నంబరు 2819. ఇది 1961లో ఫ్రాన్సు దేశాన్ని చుట్టివచ్చే మోటారు పందెంలో రెండో స్థానంలో నిలిచింది.

అదే ఏడాది జాగ్వార్ కంపెనీ ఇ-టైపు కారును విడుదల చేసింది. దానికి దీటైన బండి కావాలని ఎంజో ఫెరారి తన ఇంజనీరు జియొట్టో బిజ్జారినికి పని అప్పగించాడు. తరువాత 250 జి.టి.ఓ. అని లోకప్రసిద్ధి పొందిన కారు అదే. కాని అది పూర్తికాక ముందే కర్మాగారంలో గొడవ వచ్చింది. యజమాని భార్య సంస్థ వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారని అమ్మకాల అధికారి గార్డిని అభ్యంతరం చెప్పాడు. ఆయన ఉద్యోగం పోయే పరిస్థితి రాగా చీఫ్ ఇంజనీరు కార్లో కీటి, పందెపు జట్టు మేనేజరు తవోని, బిజ్జారిని మొదలైనవారు ఆయన పక్షాన నిలబడ్డారు. 1961 చివరలో అందరూ ఒక్కసారే బయటికి వచ్చేశారు. సగంలో ఉన్న పనిని మౌరో ఫోర్గియెరి అనే 26 ఏళ్ల యువ ఇంజనీరు చేతిలో పెట్టారు.

బయటికి వచ్చినవారు ఎ.టి.ఎస్. అనే కొత్త కంపెనీ పెట్టగా, పెట్టుబడి పెట్టినవారిలో వెనిస్ జమీందారీ కుటుంబీకుడు జొవాన్ని వోల్పి ఒకడు. అప్పటికి పాతికేళ్లయినా నిండలేదు. వెనిస్ చలనచిత్రోత్సవ స్థాపకుడు ఆయన తండ్రే. మన సత్యజిత్ రాయ్ 'అపరాజితో' 1957లో పెద్ద బహుమతి గెలిచినది ఆ ఉత్సవంలోనే. వోల్పికి సొంత పందెపు జట్టు ఉంది; జి.టి.ఓ.ల కోసం ముందే ఆర్డరు ఇచ్చాడు. తనను వదిలి వెళ్లినవారికి డబ్బు పెట్టినవాడికి కారు అమ్మనని ఫెరారి నిరాకరించాడు.

కొత్తది దొరకదు. చేతిలో ఉన్నది పాత 2819. దాన్నే జి.టి.ఓ.కు సాటి చెయ్యమని వోల్పి బిజ్జారినిని కోరాడు. జి.టి.ఓ. గుట్టు ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఆయన చేసిన మార్పులు ఇవి. ఇంజనును సుమారు 12 సెంటీమీటర్లు వెనక్కి జరిపి, కిందికి దించాడు. బరువు మధ్యకు చేరి, నేలకు దగ్గరైతే కారు మలుపులో నిలదొక్కుకుంటుంది. మామూలుగా ఇంజను అడుగున నూనె తొట్టి ఉంటుంది. అది ఎత్తును తినేస్తుంది. నూనెను వేరే ట్యాంకులో ఉంచి పంపుతో తిప్పే ఏర్పాటు చేశాడు కనుకనే ఇంజనును అంత దించగలిగాడు. ఆరు జంట వెబర్ కార్బురేటర్లు అమర్చాడు. మోడెనాలో పియెరో ద్రోగో షెడ్డులో అల్యూమినియం రేకుతో కొత్త బాడీ కట్టారు. పైకప్పును వెనక దాకా సాగదీసి, నిటారుగా కోసినట్టు ముగించారు. గాలి ఒరవడిని తగ్గించే ఈ పద్ధతి జర్మనీకి చెందిన కామ్ అనే శాస్త్రవేత్తది. మొత్తం బరువు 935 కిలోలు, జి.టి.ఓ. కన్నా తేలిక. ఒక్క లోటు మిగిలింది: జి.టి.ఓ.కు అయిదు గేర్లు, దీనికి పాత నాలుగే.

1962 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందేనికి దీన్ని తీసుకువెళ్లారు. ఆ ఆకారం చూసి ఇంగ్లీషు పత్రికలవాళ్లు రొట్టెలు పంచే వ్యాను అని 'బ్రెడ్‌వ్యాన్' పేరు పెట్టారు. పందెం మొదలయ్యాక నవ్వు ఆగింది. నాలుగో గంటలో మొత్తం మీద ఏడో స్థానంలో, జి.టి.ఓ.లన్నిటి కన్నా ముందు ఉంది. అంతలో చక్రాలకు శక్తి అందించే షాఫ్టు విరిగి ఆగిపోయింది. కొత్త జి.టి.ఓ. ఒకటి చివరిదాకా నిలిచి మొత్తం మీద రెండో స్థానం పొందింది. పాత బండి ఆ ఆగస్టులో ఇంగ్లాండులోని బ్రాండ్స్ హాచ్‌లో తన తరగతిలో మొదటిదై, అక్టోబరులో పారిస్ 1000 కిలోమీటర్ల పందెంలో మూడోదిగా నిలిచింది.

ఈ చరిత్ర చదివినప్పుడు మొదట నాకు సంతోషం కలిగింది. చూశారా, ఉద్యోగిని గేటు బయటికి పంపారు గాని అతని విద్యను లోపల ఉంచుకోలేకపోయారు అనుకున్నాను. నేను రిటైరైన ఆరు నెలల దాకా ఫలానా ఫైలు ఏ బీరువాలో ఉందో అడగడానికి అటెండరు మా ఇంటికి వచ్చేవాడు. నేను లేకపోతే సెక్షను నడవదని లోలోపల గర్వం. ఏడో నెల నుంచి అతను రాలేదు. ఫైళ్లు దొరుకుతూనే ఉన్నాయి. ఆ పిల్లవాడు ఫోర్గియెరి కూడా అంతే. సగం పనిని అందుకుని పూర్తి చేసి, ఆ తరువాత పాతికేళ్లు ఫెరారి కార్లను గెలిపించాడు. బిజ్జారిని లంబోర్గినికి గీసిన ఇంజను మార్పులు పొందుతూ 2010 దాకా నడిచింది. ఉభయులూ నష్టపోలేదు. ఫోర్గియెరి 2022లో, బిజ్జారిని 2023లో తన 96వ ఏట కాలం చేశారు.

2819 మాత్రం మ్యూజియంలో కూర్చోలేదు. ఈ శతాబ్దంలోనూ ఇంగ్లాండులోని గుడ్‌వుడ్ పాత కార్ల పందేల్లో పరుగెత్తింది. బాడీ మారింది, ఇంజను స్థానం మారింది, పేరు మారింది. ఛాసిస్ నంబరు మారలేదు కనుక మా సెక్షను లెక్క ప్రకారం అది ఆ పాత బండే. దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చి ఉంటే మార్పులన్నీ ఎర్ర సిరాతో ఎక్కించి, సంతోషంగా సంతకానికి పెట్టేవాణ్ణి.