సిర్పూర్ విహారాలు: కట్టించినవారి పేర్లు

రాయపూర్ నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానది ఒడ్డున, బార్‌నవాపారా అభయారణ్యానికి చేరువలో ఉన్న సిర్పూర్ ఒకనాటి దక్షిణ కోసల రాజధాని శ్రీపురం. సందర్శకులను వెంట తిప్పే మార్గదర్శకులు సాధారణంగా వాసటాదేవి కట్టించిన ఇటుక కోవెలతో, అనగా లక్ష్మణ దేవాలయంతో మొదలుపెట్టి విహారాల వైపు నడిపిస్తారు. బౌద్ధ విద్యార్థికి మాత్రం ఈ యాత్ర రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయంలోనే ఆరంభం కావడం మేలు. 1939లో సిర్పూర్ నేలలో బయటపడిన కంచు ప్రతిమలలో కొన్ని అక్కడ ఉన్నాయి. సిర్పూర్ శిల్పుల పనిగా పేరొందిన ఒక తారామూర్తి సముద్రాలు దాటి లాస్ ఏంజెలిస్ సంగ్రహాలయానికి చేరింది.

సిర్పూర్‌లో తరచుగా వినిపించే మాటలు రెండు: ఇది నలందను మించిన విద్యాకేంద్రమనీ, ఆచార్య నాగార్జునుడు ఇక్కడే నివసించాడనీ. మొదటిది పర్యాటక ప్రచారపు ఉత్సాహమే. రెండవదానికి మూలం 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ రచన. కోసలంలో నూరు సంఘారామాలు, పదివేలకు కొంచెం తక్కువగా మహాయాన భిక్షువులు ఉన్నారనీ, రాజు క్షత్రియుడైనా బుద్ధధర్మాన్ని గౌరవిస్తాడనీ ఆయన రాశాడు. నగరానికి దక్షిణాన ఉన్న ప్రాచీన సంఘారామంలో నాగార్జునుడు ఉండగా సింహళం నుండి ఆర్యదేవుడు వాదానికి వచ్చాడట. ఆచార్యుడు నిండా నీరు పోసిన పాత్రను పంపితే, ఆర్యదేవుడు మాట్లాడకుండా అందులో ఒక సూది జారవిడిచాడట. ఆ గురుశిష్యుల కథకు ఇంతకన్నా అందమైన ఆరంభం లేదు. అయితే యాత్రికుడు ఆ నగరం పేరు చెప్పలేదు. అందుకే కన్నింగ్‌హామ్ దానిని చాందా వైపు వెదికాడు, మరికొందరు సిర్పూర్ వైపు మొగ్గారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ మరొక చిక్కు ఉంది. సాతవాహన రాజు నాగార్జునుని కోసం కొండ తొలిపించి అయిదంతస్తుల విహారం కట్టించాడని హ్యూయాన్‌త్సాంగ్ చెప్పిన పర్వతాన్ని మనవారు చాలాకాలంగా శ్రీపర్వతంతో, అంటే కృష్ణా లోయలోని నాగార్జునకొండతో కలుపుతూ వచ్చారు. కాని ఆ పర్వతం రాజధానికి నైరుతి దిశగా 300 లీల దూరంలో ఉందని ఆయన లెక్క. అది నూటయాభై కిలోమీటర్లకు మించదు. సిర్పూర్ నుండి నాగార్జునకొండ నేరుగా కొలిచినా 600 కిలోమీటర్లు పైబడే ఉంటుంది. పైగా ఆయన ఈ కథను కోసల వర్ణనలోనే ముగించి, ఆ తర్వాతే దక్షిణంగా సాగి ఆంధ్రానికీ, ధాన్యకటకానికీ వస్తాడు. ధాన్యకటకం వద్ద ఆయన చెప్పేది భావవివేకుని కథ. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలో శ్రీపర్వతం, విజయపురి ఉన్నాయే గాని ఆచార్యుని పేరు లేదు. ఆ పేరు కనిపించేది జగ్గయ్యపేట బుద్ధ ప్రతిమ మీద, అదీ తరువాతి కాలపు లిపిలో, ఒక శిష్యపరంపర మొదట.

నాగార్జునుని నిశ్చయంగా చూపలేని సిర్పూర్ మరొకరిని నిస్సందేహంగా చూపుతుంది. 1953-56 మధ్య ఎం.జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో బయటపడిన విహారంలో ఒక శిలాశాసనం దొరికింది. మహాశివగుప్త బాలార్జునుని పాలనలో ఆనందప్రభుడనే భిక్షువు ఆ విహారాన్ని నిర్మించి, భిక్షువుల భోజనానికి సత్రం ఏర్పాటు చేశాడని అందులో ఉంది. గర్భగృహంలో భూమిస్పర్శ ముద్రలోని బుద్ధుడు, పక్కన పద్మపాణి, ముంగిట స్తంభాల మండపం, చుట్టూ గదులు. దర్శకులు బుద్ధుని ముఖం దగ్గర ఆగిపోతారు. కాని ఆ గదులలో రోజూ అన్నం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు శాసనంలోని సత్రమే.

బాలార్జునుడు తన శాసనాలలో పరమమాహేశ్వరుడు. ఆయన రాజ్యకాలం కనీసం 57 ఏళ్లని లోధియా తామ్రశాసనం చెబుతుంది. చరిత్రకారులు ఆయనను 7వ శతాబ్దపు పూర్వార్ధంలో నిలపడం సరైనదైతే, హ్యూయాన్‌త్సాంగ్ చూసిన రాజు ఆయనే కావచ్చు. అప్పుడు యాత్రికుని మాట శాసనాలకు ఎదురు నిలుస్తుందా? మల్లార్‌లో దొరికిన ఆయన తామ్రశాసనం ఈ సందేహాన్ని చాలావరకు తీరుస్తుంది. మేనమామ భాస్కరవర్మ కోరికపై ఆయన కైలాసపురమనే గ్రామాన్ని తరడంశకంలోని చిన్న విహారంలో ఉండే భిక్షుసంఘానికి ఇచ్చాడు. శివభక్తి రాజు సొంతం, దానం అందరిదీ. అతని పూర్వీకుడు తీవరదేవుడు తన శాసనాలలో పరమవైష్ణవుడు. ఆయన పేరుతో నేడు చూపించే విహారపు ద్వారం మీద కోతీ మొసలీ కథతో సహా పంచతంత్ర దృశ్యాలున్నాయి. మతాన్ని బట్టి రాజులను విడదీసే అలవాటు ఈ గడప దగ్గర తడబడుతుంది.

మల్లార్ శాసనం మరొక పేరు కూడా చెబుతుంది. తరడంశకంలోని ఆ చిన్న విహారాన్ని కట్టించింది రాజూ కాదు, మేనమామా కాదు. కోరదేవుని భార్య అలక.