నీలకంఠ రొయ్య చరిత్రలో తల్లి మేత

ఆంధ్రలో నీలకంఠ రొయ్య, అంటే స్కాంపి, ఎందుకు దెబ్బతిన్నదని అడిగితే రెండు కారణాలు చెబుతారు: తెల్లతోక జబ్బు, ఒకే సంతతిలో జతకట్టడం వల్ల నీరసించిన విత్తనం. రెండూ నిజాలే. కానీ తల్లి రొయ్య ఏం తిన్నదన్న ప్రశ్న ఈ వివరణల్లో కనిపించదు. అందుకే అవి నాకు చాలినట్టు అనిపించవు.

తొలి దశలు అందరికీ తెలిసినవే. ఈ రొయ్య మంచినీటిలో పెరిగినా దాని లార్వాలు బతకాలంటే కాస్త ఉప్పునీరు కావాలని 1960ల మొదట్లో మలేసియాలో షావో-వెన్ లింగ్ కనుగొన్నారు. హవాయిలో ఫుజిమురా పిల్లల్ని పెద్ద ఎత్తున తీశారు. 1990ల చివరికి నెల్లూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో స్కాంపి నిండింది. 2005-06లో దేశ దిగుబడి సుమారు 43 వేల టన్నులు, అందులో సింహభాగం ఆంధ్రదే. 2009-10కి దేశ దిగుబడి 7 వేల టన్నుల లోపుకు పడిపోయింది.

ఆగి చూడవలసింది ఈ నడుమ కాలాన్ని. గిరాకీ పెరిగేకొద్దీ హేచరీలు నదిలో పట్టిన తల్లుల్ని వదిలి, పెంపకపు చెరువుల్లో గుడ్లతో దొరికిన ఆడరొయ్యల్ని తెచ్చుకున్నాయి. విత్తనం చెడింది ఇక్కడేనని జన్యుశాస్త్రజ్ఞులు అంటారు. అదే మార్పుతో తల్లి తిండి కూడా మారిపోయింది. నదిలో పురుగులు, నత్తలు తినే రొయ్యకు చెరువులో తవుడు, వేరుశనగ చెక్క, బరువు పెంచడానికే తయారైన గుళికలు దక్కాయి. గుడ్డు సొనకు కావలసిన ప్రోటీన్ ప్రధానంగా తల్లి కాలేయ-క్లోమ గ్రంథిలో తయారవుతుంది. కొలెస్టెరాల్‌ను రొయ్య తనంతట తయారుచేసుకోలేదు, మేతలోనే అందాలి. లినోలిక్ ఆమ్లం, ఒమేగా-3 కొవ్వులు రెండూ మేతలో ఎక్కువగా ఉంటే గుడ్ల సంఖ్య, పొదిగే శాతం, పిల్లల గట్టిదనం పెరిగాయని కవల్లి పరిశోధక బృందం 1999లో చూపింది. విటమిన్ సి, ఇ పై 2003లో వాళ్లే చేసిన పని ఇంకా ముఖ్యం: తల్లి గుడ్లు పెట్టడానికి తక్కువ మోతాదే సరిపోయింది, పిల్లలు మరింత బలంగా పుట్టడానికి మాత్రం ఎక్కువ కావలసివచ్చింది. అంటే తల్లి కడుపు కింద గుడ్ల గుత్తి నిండుగా కనిపించినా లోపం లోపలే ఉండవచ్చు.

ఇది తొట్టెల్లో తేలిన సాక్ష్యం. చెరువు అడుగున పురుగులూ దొరుకుతాయి కనుక దాన్ని నేరుగా నెల్లూరుకు అన్వయించలేను. ఆడరొయ్యలు చిన్న సైజులోనే గుడ్లకు వచ్చి ఎదుగుదల ఆగిపోవడాన్నీ మేత మీదే మోపలేను. నీటి వేడి, వంశం, చెరువులో కిక్కిరిసిన సాంద్రత కూడా అందులో కలిసి ఉంటాయి. తెల్లతోక వైరస్ తల్లి నుంచి పిల్లలకు పాకుతుందన్నదీ కాదనలేని మాట. అయినా మేతను లెక్కలోకే తీసుకోకుండా నింద మొత్తం జన్యువుల మీద వేయడం అన్యాయం.

భువనేశ్వర్‌లోని సీఫా పరిశోధన సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా రకాలను కలిపి మేలురకం తీసింది. మెచ్చదగిన కృషి అది. నా అసంతృప్తి దాని తరువాతి మెట్టు మీద. వనామి రొయ్య తల్లులకు స్క్విడ్, సముద్రపు పురుగులు పెట్టి మేపే పరిశ్రమ నీలకంఠ తల్లికి ఆ శ్రద్ధలో సగం కూడా చూపడం లేదు. దొర్నిపాడు లాంటి కుందూ నది పరివాహక గ్రామాల్లో, సముద్రానికి దూరంగా చెరువు తవ్వుకునే రైతుకు ఈ మంచినీటి రొయ్య ఇంకా మంచి అవకాశమే. అతను కొనే పిల్లల వెంట జబ్బు పరీక్ష పత్రం ఒక్కటే వస్తే చాలదు. వాటి తల్లిని ఏ మేతతో, ఎన్నాళ్లు పోషించారో కూడా హేచరీ రాసి ఇవ్వాలి.