గడియల లెక్కన పని: సమయ విభజన, పనుల పట్టిక

సమయాన్ని చిన్న భాగాలుగా విభజించుకొని, ఒక్కొక్క భాగంలో ఒకే పని చేయడాన్ని సమయ విభజన పద్ధతి అంటారు. ఆ రోజు చేయవలసిన వాటిని ముందుగా రాసి ఉంచుకొనేది పనుల పట్టిక. ఈ రెండూ కలిసినప్పుడే ప్రయోజనం. పట్టిక ఒక్కటే ఉంటే అది కోరికల చిట్టాగా మిగిలిపోతుంది. గడియారం ఒక్కటే ఉంటే ఏ పని ముందో తెలియదు.

కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం, బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతాల నుండి చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు చేరే యువతీయువకులకు ఈ పద్ధతి తెలిసి ఉండటం మేలు. పల్లెలో ఎండ, వాన, పశువులు, మోటారుకు కరెంటు వచ్చే వేళలు పనిని నడిపిస్తాయి. నగరంలోని అద్దె గదిలో వేకువనే లేపేవారు గాని, చదివావా అని అడిగేవారు గాని ఉండరు. 'క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు' అన్న సామెత అక్కడ తొందరగా అనుభవానికి వస్తుంది.

పద్ధతి పుట్టుక

నేడు ప్రపంచమంతటా ప్రచారంలో ఉన్న పద్ధతికి ఆద్యుడు ఫ్రాన్సెస్కో చిరిల్లో. ఆయన ఇటలీలో విద్యార్థిగా ఉన్న రోజుల్లో, 1980ల చివరలో, చదువుపై మనసు నిలవక వంటింటి గంటను ముందు పెట్టుకొని చదవడం ప్రారంభించారు. ఆ గంట టమోటా ఆకారంలో ఉండేది. ఇటాలియన్ భాషలో టమోటాను 'పొమొడోరో' అంటారు. మదనపల్లె, కోలారు టమోటా మార్కెట్లు ఎరిగిన మన ప్రాంతీయులు ఈ పేరును సులభంగానే గుర్తుంచుకోవచ్చు. ఈ పద్ధతిలో 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నాలుగు విడతలు పూర్తయిన పిమ్మట 15 నుండి 30 నిమిషాల దీర్ఘ విరామం.

మన గడియ

ఈ కొలత మనకు కొత్తది కాదు. మన పెద్దల లెక్కలో పగలు, రాత్రి కలిపి 60 గడియలు. అంటే గడియకు 24 నిమిషాలు. పంచాంగాల్లో తిథి, నక్షత్రాల ప్రమాణాన్ని నేటికీ గడియలు, విఘడియలలో ఇస్తారు. గడియారం అన్న మాటలోనూ ఈ గడియే ఉన్నది. పూర్వం అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీటిపై ఉంచేవారు. అది నిండి మునిగితే ఒక గడియ గడిచినట్లు లెక్క. ఇటలీ విద్యార్థి ఎంచుకున్న 25 నిమిషాలకూ, మన గడియకూ తేడా ఒక్క నిమిషమే.

విశ్వేశ్వరయ్య ఉదాహరణ

బెంగళూరులో సమయపాలన అనగానే స్ఫురించే పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులు ఆంధ్రలోని మోక్షగుండం గ్రామానికి చెందిన తెలుగువారు. జన్మస్థలం చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దేనహళ్ళి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన, బెంగళూరు సెంట్రల్ కళాశాలలో చదువుతూనే పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకొన్నారు. 1881లో బి.ఏ. పూర్తి చేశారు. తదుపరి పూనాలో ఇంజనీరింగు చదివి, 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు.

ఆయన బొంబాయి రాష్ట్రంలో ఇంజనీరుగా ఉండగా దక్కను కాలువల కింద ఖండ విధానాన్ని ప్రవేశపెట్టారు. ఆయకట్టును ఖండాలుగా విభజించి, పంటలు మారుస్తూ, వంతుల ప్రకారం నీరందించడం దాని సారాంశం. మన ఊళ్ళ నీరుగంటి చేసే పని కూడా అటువంటిదే. చెరువులో నీరెంత ఉన్నదో చూసిన తరువాతే ఎన్ని మళ్ళకు పారుతుందో తేలుతుంది. అందరికీ మాట ఇచ్చి తూము ఎత్తితే చివరి మడి ఎండిపోతుంది. సమయం విషయంలోనూ ఇదే సూత్రం. పట్టికలో రాసిన ప్రతి పనీ ఒక మాట ఇవ్వడమే. కనుక మాట ఇచ్చే ముందు చెరువు చూసుకోవాలి.

రోజులోని గడియల లెక్క

నిద్రకు 8 గంటలు, అంటే 20 గడియలు. కళాశాలకు లేదా ఉద్యోగానికి మరో 20. స్నానం, భోజనం, బస్సు, రైలు ప్రయాణాలకు 10. మిగిలేవి 10 గడియలు, అనగా 4 గంటలు. కుప్పం, బంగారుపేటల నుండి ప్రతిరోజూ రైలులో బెంగళూరు వెళ్ళివచ్చేవారికి ఇవి ఇంకా తగ్గుతాయి. మిగిలినవి ఐదే అయితే పట్టికలో ఐదు గడియల పనే ఉండాలి. అంతకు మించి రాసుకొని, రాత్రి పూట 'ఏమీ చేయలేకపోయాను' అని కుంగిపోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఆచరణ విధానం

1. మరుసటి రోజు పనులను ముందు రాత్రే రాయాలి. ఆరుకు మించరాదు. ముఖ్యమైనది మొదట ఉండాలి.
2. ప్రతి పని పక్కన ఎన్ని గడియలు పట్టునో అంచనా రాయాలి.
3. మొదటి పని తీసుకొని 25 నిమిషాలకు గంట పెట్టుకోవాలి. సెల్‌ఫోను గంటైనా, చేతి గడియారమైనా చాలు. ఫోనును గంటకు వాడినవారు దాన్ని దూరంగా ఉంచడం మంచిది.
4. మధ్యలో వేరే విషయం గుర్తుకు వస్తే కాగితం అంచున ఒక్క మాట రాసి, తిరిగి పనిలోకి రావాలి.
5. గంట మోగగానే లేచి నడవాలి, నీరు త్రాగాలి. విరామంలో ఫోను చూడటం మొదలుపెడితే 5 నిమిషాలు అరగంట అవుతుంది.
6. నాలుగు విడతలకు, మధ్య విరామాలతో కలిపి, 115 నిమిషాలు పడుతుంది. తరువాత తప్పక దీర్ఘ విరామం తీసుకోవాలి.

పట్టిక రాసే తీరు

'లెక్కలు చదవాలి' అన్నది పని కాదు, సంకల్పం. 'త్రికోణమితిలో మొదటి ఐదు లెక్కలు' అన్నది పని. ఇంటి వ్యవహారాలకూ ఇది వర్తిస్తుంది. ఒక రాష్ట్రంలో సొంతూరు, మరో రాష్ట్రంలో చదువు ఉన్న కుటుంబాలకు పిల్లల ప్రవేశాల వేళ ధ్రువపత్రాలే పెద్ద చిక్కు. 'సీటు సంగతి చూడాలి' అని రాసుకొంటే గడువు దాటిపోవచ్చు. 'సోమవారం తహసీల్దారు కార్యాలయంలో ఆదాయ పత్రానికి దరఖాస్తు', 'మంగళవారం మార్కుల జాబితా నకళ్ళు' అని విడివిడిగా, తేదీతో రాయాలి. ఒక కాగితం కొరతతో ఒక సంవత్సరం పోగొట్టుకోవలసిన అవసరం ఉండదు. తెలుగులోనా, కన్నడంలోనా అన్న సందేహం అక్కరలేదు. ఆలోచన ఏ భాషలో సాగితే ఆ భాషలోనే రాయవచ్చు.

రాయడం వల్ల మనసు తేలికపడుతుందనడానికి ఆధారమున్నది. పూర్తయిన పనుల కన్నా సగంలో ఆగినవే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించారు. ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకుంటే దాని బెడద తగ్గుతుందని 2011లో ప్రచురితమైన అమెరికా పరిశోధన తెలిపింది.

పరిమితులు

పాలు పితకడం, పసిబిడ్డ పోషణ, దుకాణంలో బేరం గంట మోగిందని ఆగేవి కావు. 25 నిమిషాలన్నది శాసనమూ కాదు. చిన్న పిల్లలకు 15 నిమిషాలే ఎక్కువ. లోతైన లెక్కలో మునిగినవారు రెండు గడియలు కలిపి కూర్చోవచ్చు. ఒకే మనిషి నెత్తిన ఇద్దరి పని పడినప్పుడు ఏ పట్టికా దాన్ని తగ్గించలేదు. ముఖ్యంగా ఇల్లు, పొలం, పశువులు మూడూ చూసే తల్లుల విషయంలో గడియలు లెక్కపెట్టడం కన్నా పని పంచుకోవడమే పరిష్కారం.

మొదటి వారం

తొలి మూడు రోజులు పట్టిక వద్దు. ఏ గడియ దేనికి పోయినదో రాసుకొంటే చాలు. నాలుగవ రోజు నుండి రెండే పనులతో పట్టిక ప్రారంభించాలి. వారం చివర, అంచనా వేసిన గడియలను, నిజంగా పట్టిన గడియలను పక్కపక్కన ఉంచి చూడాలి. రెండు గడియలనుకొన్నది నాలుగు పట్టినట్లు తేలితే నిరాశపడనక్కరలేదు. మరుసటి వారం పట్టికలో దానికి నాలుగు గడియలే కేటాయించాలి. ఏ పనైనా వరుసగా మూడు రోజులు వాయిదా పడితే దాన్ని చిన్న ముక్కలుగా విడదీయాలి, లేదా కొట్టివేయాలి.