బంగారు వన్నె మందు – కాలేయం చెప్పిన లెక్క

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో వెలువడిన ఔషధాలలో ఆరియోమైసిన్ ఒకటి. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్లు దాటాక అక్కడ చేరిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుండి దానిని ఉత్పత్తి చేసే సూక్ష్మజీవిని వేరుచేశారు. (విరమణానంతరం మనకిక పనేమున్నదని నిట్టూర్చే నా వయస్కులకు ఈ సంగతి చెబుతుంటాను.) బంగారు వన్నెను బట్టి ఆ పేరు వచ్చింది. 1948లో మందు లోకానికి వెల్లడైంది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి ఇదే తొలిబిడ్డ.

పెనిసిలిన్‌కు లొంగని టైఫస్ వంటి జ్వరాలు సైతం దీనికి లొంగాయి. నమ్మకం పెరిగింది, దానితోపాటు మోతాదూ పెరిగింది. రోగం తీవ్రమైనప్పుడు నరం ద్వారా రోజుకు రెండు గ్రాములకు మించి ఎక్కించిన సందర్భాలున్నాయి. పెద్ద మోతాదులు మానవ కాలేయంపై చూపే ప్రభావాన్ని 1951లోనే మార్క్ లెప్పర్, ఆయన సహచరులు ప్రకటించారు. అయినా 1963లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, అధిక మోతాదు టెట్రాసైక్లిన్ ఎక్కించిన తరువాత కాలేయం దెబ్బతిని సంభవించిన మరణాలు ప్రచురితమయ్యే దాకా వైద్యలోకం పూర్తిగా ఉలిక్కిపడలేదు.

ఈ విధంగా మరణించిన వారిలో మూత్రపిండాలకు చీము పట్టిన గర్భిణులు ఎక్కువ. కారణం ఆలోచింపదగినది. టెట్రాసైక్లిన్ శరీరం నుండి బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రపిండాలే. ఏ అవయవానికి చికిత్స చేస్తున్నామో అదే మందును వెలుపలికి పంపలేకపోతే, నిన్నటి మోతాదు మిగిలి ఉండగానే నేటిది వచ్చి చేరుతుంది. చీటీలో వ్రాసిన గ్రాములు వేరు, రక్తంలో పోగుపడిన మందు వేరు.

అప్పుడు కాలేయ కణాలలోని మైటోకాండ్రియా కొవ్వును దహించలేవు. కొవ్వును రక్తంలోకి పంపే ఏర్పాటు కూడా కుంటుపడుతుంది. సన్నని బిందువులుగా కొవ్వు కణమంతా నిండుతుంది. కొద్ది రోజులలోనే వాంతులు, కడుపునొప్పి, పిదప కామెర్లు, చివరకు స్పృహ కోల్పోవడం.

దీనిని గుర్తించడానికి మరొక అడ్డంకి ఉండేది. గర్భిణులలో మందుతో నిమిత్తం లేకుండానే ఇటువంటి కొవ్వు కాలేయ వ్యాధి రావచ్చునని 1940లో హెరాల్డ్ షీహాన్ వర్ణించి ఉన్నారు. సూక్ష్మదర్శినిలో రెండూ ఇంచుమించు ఒకే తీరున కనబడతాయి. కాబట్టి నేరం గర్భం మీదికి పోవడం సులభమయింది. గర్భం లేనివారిలోనూ, పురుషులలోనూ ఇదే హాని కనబడిన తరువాత మందు పాత్రను త్రోసిపుచ్చడానికి వీలులేకపోయింది.

నేడు టెట్రాసైక్లిన్‌ను ఆ విధంగా నరాలలోకి ఎక్కించే పద్ధతి దాదాపు కనుమరుగయింది. గర్భిణులకు ఇవ్వరు, బిడ్డ పళ్ల రంగు చెడుతుందన్నది మరొక కారణం. ఇప్పుడు ఎక్కువగా వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే అయినా, పెద్దలకు సాధారణంగా రోజుకు 100 నుండి 200 మిల్లీగ్రాములు సరిపోతుంది. మూత్రపిండాలు బలహీనపడినా అది చాలావరకు పేగుల గుండా వెళ్లిపోతుంది. ఇతర యాంటీబయాటిక్‌లలో అనేకం అలా కాదు. అందుకే మందు వ్రాసే ముందు వైద్యుడు క్రియాటినిన్ పరీక్ష కాగితం అడుగుతాడు.