అచ్చోసిన ఆంబోతు, దాత ఆవు

సికింద్రాబాదు లాలాగూడకు ఒక పక్క లాలాపేట విజయ డెయిరీ, ఇంకో పక్క తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1893లో నిజాం రైల్వే వర్క్‌షాప్ వెలిసిన ఈ పేటకు పాలూ, పోషణా రెండూ ఇరుగుపొరుగే. మనిషి తిండి మీద 1918లో కూనూరులో మొదలైన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. పశువు తిండికీ, పుట్టబోయే దూడకూ ఉన్న లంకె తెలుసుకోవాలంటే మాత్రం ఒంగోలు సీమకు వెళ్లాలి.

అక్కడ పెద్దలు పోయినప్పుడు వారి పేర కోడెదూడకు అచ్చు వేసి వదిలేవారు. ఏ దూడనుపడితే ఆ దూడను కాదు, తల్లి పాడి, మూపురం, నడక చూసి ఎంచేవారు. అది ఎవరి చేలో పడినా అదిలించడమే తప్ప కొట్టడం లేదు. అచ్చోసిన ఆంబోతు అనేది ఇప్పుడు తిట్టుగా మిగిలింది కానీ, అప్పట్లో అది ఊరంతా కలిసి మేపుకున్న విత్తనపు పశువు. 1936లో లిటిల్‌వుడ్ దక్షిణాది పశుసంపద మీద రాసిన పుస్తకంలోనూ ఒంగోలు జాతికి చోటుంది.

ఆంబోతు వల్ల ఎన్నో దూడలు పుట్టేవి. ఆవు ఏడాదికొక దూడను ఈనితే అదే గొప్ప. పిండమార్పిడి ఈ లెక్కను తలకిందులు చేసింది. 1890లో ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ కుందేళ్లలో చేసి చూపిన పని, 1951కల్లా అమెరికాలో ఆవుదూడ పుట్టేదాకా వచ్చింది. పిండాలిచ్చే దాత ఆవుకు నాలుగు రోజులపాటు హార్మోన్ సూదులు వేస్తారు, ఎదకు వచ్చాక కృత్రిమ గర్భధారణ చేస్తారు, ఏడోరోజున గర్భసంచి కడిగి పిండాలు తీసి వేరే ఆవుల్లో పెడతారు.

మేత ప్రభావం తేలేది ఇక్కడే. ఈరోజు దొరికిన అండం రెండు మూడు నెలల కిందటి మేత మీద పెరిగింది. అందుకే పశువైద్యుడు ముందు పక్కటెముకల మీద అరచేయి పెట్టి చూస్తాడు, తర్వాత తోకమొదలు పక్క గుంట తడుముతాడు. పశువు ఒంటికి మార్కులు వేసే పద్ధతిలో బక్కచిక్కిన పశువుకు 1, కొవ్వు పట్టినదానికి 5. దాతకు మూడుకు అటూ ఇటూ ఉంటే చాలు.

అందాల పోటీకి మేపినట్టు తవుడు, తెలగపిండి దండిగా దట్టించినంత మాత్రాన పిండాలు పెరగవు. 2005లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధన దీన్ని బాగా పట్టుకుంది. బక్క పెయ్యలకు మేత పెంచితే అండాలు మెరుగయ్యాయి. కొవ్విన పెయ్యలకు పెంచితే, అండాలు తీసేకొద్దీ నాణ్యత పడిపోయింది, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైంది. మాంసకృత్తులు అతిగా పెట్టినా రక్తంలో యూరియా పెరిగి పిండానికి చేటు. జొన్నచొప్పకు తోడుగా పిల్లిపెసర పెట్టే మన పాత పద్ధతి ఈ లెక్కన తెలివైనదే.

ఒంగోలు పశువులు 1960ల ఆరంభంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ జాతికి బలమిచ్చాయి. నెలోర్ ఆవుల నుంచి ఒక్కసారికే చాలా అండాలు దొరుకుతాయి కాబట్టి ల్యాబ్‌లో పిండాల తయారీలో బ్రెజిల్ ప్రపంచంలో ముందువరసకు చేరింది. మనకూ నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది. మేలైన ఒంగోలు ఆవు నుంచి పిండాలు తీయించదలచిన రైతు సూదికి తేదీ అడిగేముందు, కనీసం మూడు నెలల మేత లెక్కను పశువైద్యుడి ముందు పెట్టాలి.