మ్యాగజైన్: అరబ్బీ గిడ్డంగి నుంచి ఫ్రెంచి దుకాణం దాకా

ప్యారిస్‌లో ఎవరైనా ‘మగజాఁ’కి వెళ్తున్నానంటే పుస్తకం కోసమని అనుకోవద్దు. ఫ్రెంచిలో ఆ మాటకు దుకాణం అని అర్థం. మనం చదివే మ్యాగజైన్‌కూ దానికీ పుట్టిల్లు ఒక్కటే: అరబ్బీ మాట ‘మఖ్‌జన్’, అంటే సరుకు నిల్వచేసే చోటు, గిడ్డంగి. బహువచనం ‘మఖాజిన్’.

దీని మూలం ఖా, జా, నూన్ అనే మూడు అక్షరాలు. మన ఖజానా, ఖజాంచి కూడా ఆ మూలం నుంచి వచ్చినవే.

మధ్యధరా సముద్రపు వ్యాపారంతో ఈ మాట ఐరోపా చేరింది. ఇటలీలో ‘మగజ్జీనో’ అయింది, అక్కడి నుంచి ఫ్రెంచిలోకి వెళ్లింది. స్పెయిన్‌లో ‘అల్’ కూడా అతుక్కుని ‘అల్మసేన్’ అయింది. రష్యాలోనూ ‘మగజీన్’ అంటే దుకాణమే. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకు ఈ బోర్డులు రోజూ కనబడేవే.

ఇంగ్లీషులో మొదట గిడ్డంగి, ఆపై మందుగుండు దాచే చోటు అనే అర్థాలొచ్చాయి. 1857 మే 11న ఢిల్లీలో బ్రిటిష్‌వాళ్లు తామే పేల్చేసుకున్న ‘మ్యాగజైన్’ అలాంటిదే. తుపాకీలో తూటాలుండే పెట్టెకూ అదే పేరు.

మరి పత్రికకు ఈ పేరెలా వచ్చింది? 1731లో ఎడ్వర్డ్ కేవ్ లండన్‌లో ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ మొదలుపెట్టారు. రకరకాల రచనలు ఒకచోట చేర్చిన గిడ్డంగి అన్నమాట. ఈ అర్థాన్ని ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు నుంచి మళ్లీ తెచ్చుకున్నారు. అందుకే వాళ్లకు ‘మగజాఁ’ దుకాణం, ‘మగజీన్’ పత్రిక.

ఇంకో వింత. ఫార్సీవాళ్లు దుకాణాన్ని ‘మగాజే’ అంటారు. అది నేరుగా అరబ్బీ నుంచి కాదు, ఫ్రెంచి మీదుగా వచ్చింది! మొరాకోలోనైతే ‘మఖ్‌జన్’ అంటే ప్రభుత్వ యంత్రాంగమే.

ఉర్దూలో మాత్రం మాట సొంత రూపంలోనే పత్రిక పేరైంది. 1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ ‘మఖ్‌జన్’ మాసపత్రిక ప్రారంభించారు. ఇక్బాల్ కవిత ‘హిమాలా’ దాని తొలి సంచికలోనే అచ్చయింది.

ఇంట్లో నానీకి ‘మఖ్‌జన్’ తెలుసు, మనవరాలికి ‘మ్యాగజైన్’ తెలుసు. రెండూ ఒకే మాటని ఇద్దరికీ చెప్పి చూడండి. ఉర్దూ పాతబడిందని, ఇంగ్లీషు పరాయిదని అనుకునే ముందు ఇద్దరూ ఒక్క క్షణం ఆగుతారు.