కుంచె నుంచి ఫైలు దాకా: కామారెడ్డి, ఎల్లారెడ్డి వీధి రాతల చరిత్ర

1. పరిచయం

ముద్రణ చరిత్ర అనగానే యంత్రం గుర్తుకు వస్తుంది. అయితే యంత్రం కదలడానికి ముందే మరొక పని పూర్తి కావాలి. ఏ మాట ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలి, ఏ రంగు వాడాలి అన్నది నిర్ణయించి, ఒకరు అచ్చుకు నమూనా సిద్ధం చేయాలి. దీనినే ఇప్పుడు ఆర్ట్‌వర్క్ ఫైలు అంటున్నారు. ఈ పని చేసే మనిషి, సాధనం మారిన ప్రతిసారీ వీధిలో కనిపించే తెలుగు మారింది. చరిత్రకారునికి మిగిలే ఆధారమూ మారింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలను ఉదాహరణగా తీసుకొని ఈ మార్పును పరిశీలిద్దాం.

2. సంస్థాన కాలం: కాతిబ్ రాసిన పుట

ఈ రెండు పట్టణాలు 1948 సెప్టెంబరు వరకు నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో భాగం. 19వ శతాబ్దం చివరి నుంచి అక్కడ ఉర్దూ పాలనాభాష. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు వాలుగా కిందికి దిగుతూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. వాటిని సీసపు అక్షరాలతో కూర్చడం కష్టం. అందువల్ల ఉర్దూ ముద్రణలో శిలాముద్రణ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. కాతిబ్ అనే లేఖకుడు ప్రత్యేకమైన సిరాతో పుట మొత్తం రాసేవాడు. ఆ రాతను రాతిపలక మీదికి ఎక్కించి ప్రతులు తీసేవారు. నేటి మాటల్లో చెప్పాలంటే కాతిబ్ రాసిన పుటే ఆర్ట్‌వర్క్. నమూనా తయారీ, ముద్రణ వేర్వేరు పనులన్న విషయం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

3. పెయింటర్ల కాలం

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో అధికార భాషా చట్టం తెలుగుకు పాలనలో స్థానం కల్పించింది. ఈ కాలంలో పట్టణాల బోర్డులు రాసింది పెయింటర్లు. రేకు మీద ఎనామిల్ రంగులతో, గుడ్డ బ్యానరు మీద కుంచెతో వారు రాసేవారు. సుద్ద పూసిన దారాన్ని రెండు చివరల బిగించి, లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. ఆ గీతల మధ్య ముందుగా అక్షరాలను పలుచగా గీసి, తరువాత రంగు నింపేవారు.

ఈ పద్ధతిలో నమూనా తయారీ, అమలు రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. ఒత్తు తప్పితే అక్కడికక్కడే తుడిచి దిద్దవచ్చు. చాలామంది పెయింటర్లు బోర్డు మూలన తమ పేరు రాసుకునేవారు. ఆ చిన్న సంతకం వల్ల, రాసినవారెవరో చరిత్రకారునికి తెలుస్తుంది.

4. డీటీపీ, ఫ్లెక్స్

1985లో పేజ్‌మేకర్, 1989లో కోరల్‌డ్రా, 1990లో ఫొటోషాప్ విడుదలయ్యాయి. అను వంటి తెలుగు ఫాంట్లు తోడు కావడంతో చిన్న పట్టణాల్లోనూ డీటీపీ సెంటర్లు వెలిశాయి. 2000 తరువాత ఫ్లెక్స్ ముద్రణ విస్తరించింది. ఫ్లెక్స్ అంటే పాలియెస్టర్ వల మీద పీవీసీ పూత పూసిన పట్టా. దాని మీద ఇంక్‌జెట్ యంత్రం రంగు చిమ్ముతుంది. రోజుల పని గంటల్లోకి వచ్చింది. పెయింటర్లకు గిరాకీ పడిపోయింది. చేతి నైపుణ్యం ఉన్నవారి స్థానంలో మౌస్ పట్టినవారు వచ్చారు.

5. ఫైలు తయారీలో ముఖ్యాంశాలు

(అ) కొలత: 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు బ్యానరును తీసుకుందాం. అంటే 120 అంగుళాలు, 72 అంగుళాలు. అంగుళానికి 72 చుక్కల చొప్పున 8,640 × 5,184 చుక్కలు కావాలి. పుస్తకానికి వాడినట్లు 300 చుక్కలు పెడితే చుక్కల సంఖ్య 17 రెట్లు దాటుతుంది. బ్యానరును దూరం నుంచి చూస్తాం కనుక అంత అవసరం లేదు. అయితే ఫోనులో వచ్చిన చిన్న ఫొటోను సాగదీస్తే ముఖం మసకబారుతుంది.

(ఆ) రంగు: కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగులు చూపుతుంది. యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో ముద్రిస్తుంది. తెర మీది ప్రకాశవంతమైన రంగులన్నీ సిరాకు అందవు. అందుకే ఫైలును ముందే సిరా రంగుల పద్ధతికి మార్చి చూసుకోవాలి.

(ఇ) అంచు: ఫ్రేముకు మడవడానికి, తాడు కట్టే ఐలెట్లకు చుట్టూ చోటు వదలాలి. లేకుంటే చివరి అక్షరం మడతలో పోతుంది.

(ఈ) అక్షరం: అచ్చుకు పంపే ముందు అక్షరాలను 'కర్వ్స్' చేస్తారు. అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మారుస్తారు. అప్పుడు ఫాంటు లేని కంప్యూటర్‌లోనూ రూపం చెడదు.

6. ఫైలు లోపలి తెలుగు

చరిత్ర విద్యార్థికి అసలు సమస్య ఈ చివరి అంశం దగ్గరే ఉంది. 'ఎల్లారెడ్డి' అన్న పేరులో కంటికి కనిపించేవి ఎ, ల్లా, రె, డ్డి అనే 4 అక్షరాలు. యూనికోడ్‌లో అదే పేరుకు 11 సంకేతాలు కావాలి. 'కామారెడ్డి'కి 10. సంకేతాలను సరిగా కలిపి చూపలేని సాఫ్ట్‌వేర్‌లో 'డ్డి' ఒత్తు విడిపోతుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, చాలాకాలం డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఈ కలయికను సరిగా చేయలేకపోయాయి. అందుకే పాత ఫాంట్లు తెలుగు అక్షర భాగాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచి పనిచేశాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. కర్వ్స్ చేసిన ఫైలులో అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది. ఊరి పేరు టైపు చేసి వెదికినా ఈ రెండు రకాల ఫైళ్ళూ దొరకవు.

బ్యానరు కూడా నిలవదు. సభ ముగిశాక ఫ్లెక్స్ గడ్డివాము మీద కప్పుగానో, గుడిసె మీద పట్టాగానో మారుతుంది. రేకు బోర్డు దశాబ్దాలు గోడ మీద ఉండేది. బోర్డు మీద 'నిజామాబాద్ జిల్లా' అని కనిపిస్తే, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడటానికి ముందు రాసినదని ఊహించవచ్చు. ఇక ముందు అటువంటి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

7. చట్టం, బాధ్యత

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలి. ఈ వరుసను ఫైలులోనే చేర్చాలి. 2023 శాసనసభ ఎన్నికల్లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు, ఆ తరువాత ముఖ్యమంత్రి అయిన ఎ. రేవంత్‌రెడ్డి ఇద్దరూ పోటీచేయగా, కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. అటువంటి ఎన్నికను రేపు అధ్యయనం చేసేవారికి పోస్టరు మీది ఆ చిన్న వరుస పెయింటరు సంతకం వంటిదే. మరొక నిబంధన పర్యావరణానికి సంబంధించినది. 100 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచి నిషేధించారు.

8. సారాంశం

కాతిబ్ పుట, పెయింటరు గీత, డిజైనరు ఫైలు ఒకే పనికి మూడు దశలు. మొదటి రెండింటిలో రాత కంటికి కనిపిస్తూ మిగిలింది. మూడవ దశలో రాతను మనమే కావాలని దాచుకోవాలి. ఇది కష్టమేమీ కాదు. అచ్చుకు కర్వ్స్ చేసిన ఫైలు పంపినా, యూనికోడ్ తెలుగులో ఉన్న మరొక ప్రతిని తేదీతో, ఊరి పేరుతో భద్రపరచాలి. సురవరం, గిడుగు, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. స్థానిక చరిత్రకు ఆధారాలు రాజశాసనాల్లోనే కాక, అంగడి బోర్డుల్లోనూ ఉంటాయని గుర్తించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కాతిబ్ పనికీ, నేటి డిజైనరు పనికీ గల పోలికలు, భేదాలు తెలపండి.
2. కర్వ్స్ చేయడం వల్ల ముద్రణకు కలిగే లాభం, చరిత్ర రచనకు కలిగే నష్టం వివరించండి.
3. మీ ఊరిలో చేతితో రాసిన 5 పాత బోర్డులను గుర్తించండి. వాటి మాటలను యూనికోడ్ తెలుగులో యథాతథంగా నమోదు చేసి, వాటి కాలాన్ని ఏ ఆధారాలతో నిర్ణయించవచ్చో రాయండి.